ఎలుకలు తిన్న కునైన్

పదమూడొందల ఇరవై ఒకటి ఫస్లీ, బహ్మన్ నెల.
జియాగూడ దవాఖాన అంటే
రెండర్రలు, ఒక వసారా,
గోడ మీద మూసీ వదిలిపోయిన బురద గీత,
నా ఛాతీకి జానెడు పైన.
మూడుసార్లు సున్నమేసినా
వానకాలం రాంగనే మళ్ల తేల్తది.

మొయినాకు పెద్ద సాబు వస్తున్నడని
రాత్రంత దీపం ముందల కూసున్నం.
ఎల్లిదాయి ఇత్తడి తక్కెడను చింతపండుతో తోమింది.
నేను పాత చీటీల మీద కొత్త చీటీలంటించిన.
మైద గంజి ఆరకముందే
వాకిట్ల టాంగా ఆగింది.

డాక్టర్ వజాహత్ సాబు.
నల్ల షేర్వాణీ, మెడకు ఉన్ని మఫ్లర్,
నవ్వు మరిచిన మీసం.
మంచాలు లెక్కవెట్టిండు: నాలుగు.
దుప్పట్లు: మూడు.
"నాలుగోది?"
"ఉతకనీకి పోయింది హుజూర్."
అది మనిషిని చుట్టుకొని పోయిందని
ఆయనకూ ఎరుకే.

కునైన్ గోలీలు మాత్రం
ఎవ్వరినీ ముట్టుకోనియ్యలే.
చాకు మొనతో ఐదైదు జరుపుకుంట
తానే లెక్కవెట్టిండు.
సీసాకూ రిజిస్టరుకూ నడుమ
నలభై ఆరు తక్కువ.
"జవాబు రాసియ్యి" అన్నడు.

ఏమని రాయాలె?
రిజిస్టరుల మూడో గడి: పెనిమిటి పేరు.
గడ్డిమోపుల లచ్చుమవ్వను అడిగితే
జ్వరంతో వణుక్కుంటనే
కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది.
ఇంకొకామె వేలెత్తి ఆకాశం చూపెట్టింది.
చంద్రయ్యనా, సూరయ్యనా?
ఆ పొద్దు మబ్బు పట్టింది, నేనెట్ల తెల్సుకోవాలె?
కార్వాన్ నుంచి డోలీల వచ్చిన బీబీది
పరదా సందుల నుంచి చెయ్యొక్కటే బయటికొచ్చింది.
నాడి అంతా చెప్పింది. పేరొక్కటి చెప్పలే.

గడి నిండకుంటే వరుస నిండదు,
వరుస నిండకుంటే మందు లేదు.
ఇది కాయిదా.
చలిజ్వరం ఉర్దూ చదువుకోలే,
దానికేం తెలుస్తది కాయిదా?
ఇరవై ముగ్గురు. మనిషికి రెండు.
ఎల్లిదాయి కిటికీల నుంచి చేతులల్ల పెట్టింది.
నేను అటు దిక్కు చూడలే.

కలం సిరాల ముంచి
ఒక్క ముక్క రాసిన:
ఎలుకలు తిన్నయి.

ఆ యేడు ప్లేగు.
మా గల్లీల ఎలుకలన్నీ దసరాకు ముందే
చూర్ల నుంచి పండ్ల లెక్క రాలినయి.
పారలతో ఎత్తి బండ్లల్ల ఏసుకపోయిన్రు.
బతికున్నా గాని
అంత చేదు నమిలే ఎలుక
ఏ తల్లి కడుపుల పుడ్తది?

సాబు చదివిండు.
ఒకసారి చూరు చూసిండు.
ఒకసారి నన్ను.
"పానీ" అనుకుంట లోపలి అర్రకు పోయిండు.

తర్వాత ఎల్లిదాయి చెప్పింది:
గిలాస రెండు చేతులతో పట్టుకున్నడట.
పండ్లు గిలాసకు తగిలి టకటకమన్నయట.
మఫ్లర్ ఎందుకో అప్పుడు సమజైంది.
టాంగా పురానాపూల్ దిక్కు మళ్లినంక
సీసా మళ్ల లెక్కవెట్టిన.
నలభై ఎనిమిది తక్కువ.
ఆ రెండు గోలీలు మింగినోళ్ల పేరు గూడ
రిజిస్టరుల లేదు.

మొయినా పుస్తకంల మాత్రం
గుండ్రటి అక్షరాలతో ఉన్నది:
"జవాబు కబూల్. ఎలుకల బోను ఒకటి మంజూరు."

షహ్రేవర్ నెల ముసుర్ల వచ్చింది బోను.
ఇనుపది, బరువైంది, నంబరేసింది.
పట్టనీకి ఎలుక లేదు.
ఎల్లిదాయి అందుల ఉల్లిగడ్డలు పోసుకున్నది.
అవి మొలకలేస్తుంటే
లచ్చుమవ్వ మళ్ల జ్వరంతో వచ్చి
వసారాల గడ్డిమోపు దించి
"గిదేంది కంపౌండరూ?" అన్నది.

"నీ పెనిమిటి పేరు" అన్న.

కొంగు నోట్ల కుక్కుకున్నది.